ముప్పై ఐదా, ఎనభై ఐదా

శనివారం, నంద్యాల

స్టూడియో అన్న వాడి చూడమని ఇచ్చిన రెండు కెమెరా లెన్సుల్లో ఒకటి రేపు పొద్దున వాపసు ఇచ్చేయాల. ముప్పై ఐదు ఎంఎం పెట్టుకోనా, ఎనభై ఐదా? రెండూ మసక వెలుతురులో ఫ్లాష్ లేకుండా తీసేవే. తేడా ఏందో చూద్దామని రెండూ ఎత్తుకొని ఆళ్లగడ్డ పోయినా.

శిల్పి వీరన్న రేకుల షెడ్డులో అమ్మవారి విగ్రహానికి కళ్లు చెక్కుతాండాడు. కళ్లు ఆఖరుకే చెక్కుతారు. భార్య సుబ్బమ్మ పక్క నుంచి బల్బు పట్టుకుంటే, ఆ నీడను చూసుకొని ఉలి పెడతాడు.

ఎనభై ఐదుతో అమ్మవారి ముఖం మటుకే తీసినా. ఒక కన్ను అద్దం మాదిరి వచ్చింది, తక్కినదంతా వెన్న మాదిరి కరిగిపోయింది. మురిసిపోయి చూపించినా.

"ఏందప్పా, ఒక కన్నే తెరిచినావు? రెండోది యాడ?" అన్నాడు వీరన్న.

అపర్చర్, అదే లెన్సు కంత, తగ్గిస్తే రెండు కళ్లూ తేటగా వస్తాయి గానీ వెలుతురు చాలదు. ముప్పై ఐదు తగిలించినా. రెండు కళ్లూ, ఉలీ, రేకులూ, అన్నీ పడినాయి. ఇంత గజిబిజి ఎవరికి కావాల అనుకుంటాంటే సుబ్బమ్మ వంగి కెమెరాలో ఫోటో చూసింది.

"ఇన్నేండ్లుగా లైటు పట్టుకుంటాండా. ఎంతమందో ఫోటోలు తీసుకోని పోయినారు. నేను పడింది దీంట్లోనే."

నాకు పని ఇచ్చే పెండ్లోళ్లు ఎనభై ఐదు ఫోటోలే అడుగుతారు. ఏం చేయాలో...

ఇప్పుడే ఆ ఎనభై ఐదు ఫోటో పెద్దది చేసి మూలమూలా వెతికినా. అమ్మవారి చెంప మీద సుబ్బమ్మ పట్టిన వెలుతురుంది. సుబ్బమ్మ లేదు.