గురుంగ్ తిన్న సంగటి

శనివారం, రాత్రి

పదిన్నరకల్లా లైటు ఆర్పాలన్నది మా మోర్మన్ మిషనరీల నియమం. ఇంకా పది నిమిషాలుంది. ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

నా జోడీ మిషనరీ గురుంగ్, మా వాడుకలో ఎల్డర్ గురుంగ్, నేపాల్ నుంచి ఈ ఎర్రగుంట్లకి వచ్చి నెలైంది. పరాయి దేశంవాడు కదా అని రోజూ నూడుల్స్, బ్రెడ్డు పెడుతున్నాను. సగం వదిలేస్తాడు. మొన్నయితే ఇంటికి వెళ్ళిపోతానన్నాడు.

ఈరోజు మా వీధిలో ఉండే ఓబులమ్మవ్వ ఇంటి గోడలకి సేవగా సున్నం కొట్టిపెట్టాం. అవ్వ టీ తెచ్చింది. మా మతంలో టీ తాగకూడదు, వద్దంటే మొహం ముడుచుకుంది.

"టీ తాగరు సరే, రాగి సంగటన్నా తినండప్పా. పొద్దన్నుంచి ఎండలో పనిచేస్తాండారు."

"ఈయప్పది బయట దేశం అవ్వా, తినలేడు" అన్నాను.

నేనింకా చెబుతూనే ఉన్నాను, గురుంగ్ అవ్వ పెట్టిన ముద్ద మధ్యలో గుంట చేసి, పప్పు పోసుకుని, సంగటి తినాల్సినట్టే నమలకుండా మింగుతున్నాడు. రెండో ముద్ద తనే అడిగాడు.

"ఎవురు నేర్పినారప్పా నీకు?" అంది అవ్వ.

"మా అమ్మ. మా కొండల్లో దినామూ ఇదే" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

అవ్వ నావైపు తిరిగింది. "మరి నువ్వు ఇన్నాళ్ళూ ఏం పెడ్తాండావప్పా?"

ముగ్గురం పగలబడి నవ్వాం. దారిలో గురుంగ్ వాళ్ళ భాషలో ఏదో పాట పాడుతూ వచ్చాడు, వచ్చిన నెలకి మొదటిసారి.

నేను కోసిగిలో సంగటి తిని పెరిగినవాణ్ణి. అతని ముందు అది పెట్టడానికి సిగ్గుపడ్డానని దేవుడికి తెలుసు. గురుంగ్‌కి తెలుసో లేదో.

బుధవారం మిషన్ ఆఫీసు నుంచి బదిలీల ఫోను వస్తుంది. ఇప్పుడు అతన్ని ఇంకో ఊరికి పంపితే...

అవ్వ ఇచ్చిన రాగిపిండి డబ్బా తలదగ్గర పెట్టుకుని, అప్పుడే గుర్రుపెడుతున్నాడు.