నొప్పి లేదని చెప్పిన నోరు

పట్టపుపాలెం,
సోమవారం.

బిట్రగుంటలో చల్లగా కూర్చున్న మస్తానక్కకి,

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఈ ఇంట్లో నేను ఫోనెత్తితే చాలు, మీ మరిది పోలేరయ్య వల పక్కన పడేసి వచ్చి కూర్చుంటాడు. చూపు సగం పోయింది గానీ ఆయనవి పాము చెవులు. అందుకే ఆయన వేటకి వెళ్ళాక రాస్తున్నాను.

రెండో కన్ను నొప్పిగా ఉందక్కా. శుక్లం తీసి నాలుగు రోజులైంది. లోపల ఇసుక పోసి రుద్దినట్టుంది, కణత దాకా గుంజుతోంది. మొదటి కన్నుకి చీమ కుట్టినంత కూడా లేదు. అదే నా కొంప ముంచింది. అంగన్‌వాడీలో ముప్పయ్యేళ్ళు సూది నొప్పి పుట్టదని పిలకాయలకి చెప్పిన నోరు కదా, ఊరుకుంటుందా? "నొప్పే ఉండదు, నన్ను చూడండి" అని పాలెమంతా చాటింపు వేశాను. పదకొండు మంది పేర్లిచ్చారు. గురువారం కావలి నుంచి ఆస్పత్రి వ్యాను వస్తుంది.

పన్నెండో పేరు మీ మరిదిది. ఏడాది బతిమాలితే ఇప్పటికి సరేనన్నాడు. పోయిన నెల పడవ దిగుతూ నీళ్ళనుకుని లంగరు మీద కాలు వేశాడు. అయినా వేట మానడు. ఆ చూపుతో వెళ్ళి ఏదో ఒకరోజు తిరిగి రాడేమోనని నాకు భయం. ఇప్పుడు నేను అమ్మా అని మూలిగితే ఆయన వ్యాను ఎక్కుతాడా? అందుకే నల్లద్దాలు పెట్టుకుని ఇకిలిస్తూ తిరుగుతున్నాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ "హాయిగా ఉంది" అని చెప్పలేక చస్తున్నాను. గురువారం దాకా ఓర్చుకుంటాను. ఎవరికీ చెప్పకు.

నీ చెల్లెలు,
గంగాభవాని

పట్టపుపాలెం,
ఆదివారం.

నోట్లో నువ్వుగింజ నానని అక్కకి,

నిన్ను నమ్మినందుకు నన్ననాలి! ఉత్తరం అందీ అందగానే ఫోను తీసి నేరుగా ఆయనకే చెబుతావా?

బుధవారం ఫోను పెట్టేసి వచ్చి నా అద్దాలు లాగేశాడు. ఆ మసక చూపుకి కూడా నా కన్ను ఎర్రదనం కనిపించింది. "ఏందిమే ఇది? నాకు చెప్పకుండా కన్ను పోగొట్టుకుంటావా?" అని అరిచి, అప్పటికప్పుడు ఆటోలో కావలి తీసుకెళ్ళాడు. లోపల వాపు వచ్చిందట. రెండో కన్నుకి కాస్త ఎక్కువ నొప్పి అనిపించడం చాలామందికి ఉండేదేనట, కానీ ఇలా రోజురోజుకీ పెరిగితే వెంటనే రావద్దా అని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఇంకో రెండు రోజులైతే చూపే పోయేదట. చుక్కల మందు మార్చింది. ఇప్పుడు నయం.

ఇంటికొచ్చేసరికి పదకొండు మందీ గుమ్మంలో ఉన్నారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇక పేర్లు కొట్టేయమంటారని చూస్తుంటే మీ మరిది అందుకున్నాడు: "నొప్పే లేదంటే నేను నమ్మలా. పిలకాయలకి చెప్పినట్టు చెప్తాండావని, ఎట్టా ఎగ్గొడదామా అని చూస్తాండా. నొప్పుంటాది, మందుండాది అంటే సరే, ఓర్చుకుంటా." గురువారం అందరికంటే ముందు వ్యానెక్కి కిటికీ పక్క సీటు పట్టుకున్నాడు. వెనకే పదకొండు మందీ ఎక్కారు. నాకు ఏడుపొచ్చింది.

అంతవరకూ బాగానే ఉంది. ఆపరేషన్ అయి వచ్చిన దగ్గర్నుంచి చూడు! వేటకి పోవద్దన్నారు కాబట్టి పగలంతా ఇదే పని. "యాడ నొప్పి? నాకు తెలీనే లేదు. మా ఇంటామె ఊరికే యాగీ చేసింది" అని గడపగడపకీ చెప్పొస్తున్నాడు. ఒళ్ళు మండిపోతోందక్కా.

రెండో కన్నుకి వచ్చే నెల రమ్మన్నారు. ఈసారి నొప్పి పుట్టొచ్చని ముందే చెబుతాను. నమ్మడు. నమ్మకపోతే మానె, నొప్పి పుట్టిన నాడు నాలాగా దాచకుండా నాతో చెబితే చాలు.

నీ మీద ఇంకా కోపంగానే ఉన్న,
భవాని