ఈయన సంచిలో ఏం పెట్టాల

కార్తీక సోమవారం, రాత్రి

ఈయన పడుకున్నారు. నాకు ఏడుపూ రావట్లేదు, నిద్రా రావట్లేదు.

పొద్దున్న ఇన్సులిన్ వేసుకుని, ఉపవాసమని ఏమీ తినకుండా వరి కోతకి పోయారు. మధ్యాహ్నం గట్టు మీద పడిపోయి గిలగిలా కొట్టుకున్నారు. అత్త తన తాళాల గుత్తి ఈయన చేతిలో పెట్టి పిడికిలి మూసింది. "ఇనుం పట్టుకుంటే ఫిట్సు తగ్గిపోతాది, గాబరా పడకే" అంది. ఆటో వచ్చేదాకా నేను ఆ పిడికిలే పట్టుకుని కూర్చున్నాను.

గజపతినగరంలో డాక్టరు, షుగర్ బాగా పడిపోయిందన్నారు. తాళాలకి తగ్గేది కాదట.

ఇప్పుడు పొలానికి పట్టుకెళ్లే సంచి సర్దుతన్నాను. షుగర్ చూసే మిషను, స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి పెట్టాను. స్పృహ లేనప్పుడు మాత్రం నోట్లో ఏమీ వెయ్యొద్దన్నారు. మరి అప్పుడు ఏటి సెయ్యాలో అడగడం మర్చిపోయాను.

అత్త వచ్చి తాళాలు కూడా సంచిలో వేసింది. "ఉండనీయే, ఆ వేళకి నేను దగ్గరుంటానో లేదో" అంది.

ఆవిడ వెళ్లాక తీసేశాను. కాసేపటికి నేనే మళ్లీ లోపల పెట్టి జిప్పు వేశాను. ఈయన కోసం కాదు. మళ్లీ అలాగైతే, ఆటో వచ్చేదాకా నా సేతులకి ఏదో పనుండాల కదా.