పలకని రాక్షసుడు

ప్రియమైన బావమరిదికి,

ఆ చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. ఆరింటికి మీ అక్క లేచింది. నొప్పి తక్కువగా ఉందంది. దిండుకు ఆనుకుని, నువ్వు పంపిన తన కొత్త పిల్లల పుస్తకం ప్రూఫులు నా చేతికిచ్చింది. చదివాను. "ఎలా ఉంది?" అంది. "రెండు అచ్చుతప్పులు" అన్నాను. నవ్వింది. కిటికీ తెరవమంది. పదకొండింటికి పోయింది.

ప్రూఫులు దిద్ది పంపుతున్నాను. అచ్చు వేయి.

నీ బావ

*

ప్రియమైన బావగారికి,

ప్రూఫులు అందాయి. ముప్పై ఏళ్లుగా అక్క పుస్తకాలు దిద్దుతున్నారు, ఒక్క బొమ్మయినా చూశారా? మీ కంటికి అక్షరం తప్ప ఇంకోటి ఆనదు. అక్క గీసిన భూతాలన్నీ మనవాళ్లే బావా! తిండిపోతు భూతం నేను. పొట్ట చూసి మా ఆవిడ పట్టేసింది. చాడీల దయ్యం మా పెద్దత్త. "కొమ్ములు ఎవరైనా పెడతార్రా, భయపెట్టేది తెలిసిన ముఖమే" అనేది అక్క.

ఈ పుస్తకంలో ఎవరు పిలిచినా పలకని రాక్షసుడున్నాడు కదా, వాడి బొమ్మ మాత్రం చూడకండి. గుబురు మీసం, కోరలు పెట్టిస్తాను. ఎవరూ పోల్చుకోరు. మీరు ఊఁ అంటే చాలు.

ఇంకో చిక్కు. ఏ కథయినా ముందు మీ వీధి గ్రంథాలయంలో పిల్లలకు అక్కే చదివి వినిపించేది. వాళ్లు జడుసుకుంటేనే అచ్చు. వచ్చే ఆదివారం ఎవరు చదవాలి?

మీ బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

చూడొద్దన్నావు. మీ అక్క సొరుగులో ఉన్న అసలు ప్రతిలో చూశాను. నా కళ్లజోడు, నా నుదురు.

కథ మళ్లీ చదివాను. ఈసారి తప్పుల కోసం కాదు. వాడు ఎవర్నీ తినడు. పిలిచినవాళ్లే జవాబు కోసం గుమ్మంలో నిలబడి నిలబడి రాళ్లయిపోతారు. మీ అక్క ముప్పై ఏళ్లు పిలిచింది. ఆ రోజు ఉదయం కూడా పిలిచింది.

కోపం రాలేదు. ఆమె ఉన్నదే గీసింది. నువ్వు కోరలు పెడితే పిల్లలు రాక్షసుణ్ణి అడవిలో వెతుక్కుంటారు. వాడు పక్క గదిలో పేపరు చదువుకుంటూ ఉంటాడని వాళ్లకు తెలియాలి. ఒక్క గీత కూడా మార్చకు.

చదవడానికి ఎవర్నీ పంపకు. రెండు రోజులుగా పైకి చదివి అలవాటు చేసుకుంటున్నాను. గొంతు బొంగురుగా ఉంది. ఫరవాలేదు. రేపు ఆదివారం. పొద్దున పదింటికి గ్రంథాలయానికి వెళ్లి, ఆ బొమ్మ నా ముఖం పక్కన పట్టుకుని, కథ నేనే చదువుతాను. పిల్లలు ఏమడిగినా, అందరూ లేచి వెళ్లేదాకా, జవాబు చెబుతాను.

నీ బావ