తలుపు గడియ

గురువారం రాత్రి, మలాజ్ ఆసుపత్రి క్వార్టర్స్

మా వార్డు ఐరిష్ నర్సు నోరా వెతుకులాట ఫలించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా వైపు వెళ్లి తిరిగిరాని వాళ్ల అమ్మమ్మగారి అన్నయ్య పేరు, అక్కడి సైనికుల సమాధుల దగ్గర గోడ మీద ఉందట. ఆయన ఏ రాత్రయినా రావచ్చని ఆ ముసలావిడ ఇన్నేళ్లూ తలుపు గడియ పెట్టకుండానే పడుకునేదట.

"అమ్మమ్మకి ఫోన్‌లో చెప్పాను. ఆ రాత్రి తనే లేచి వెళ్లి గడియ పెట్టిందట," అంది నోరా. కళ్లు తుడుచుకుని, "మీ అన్నయ్యనీ ఇలాగే వెతుకుదాం. పేరు, పుట్టిన తేదీ రాసివ్వు," అని ఒక కాగితం చేతిలో పెట్టింది.

అన్న ఇక్కడి సరిహద్దు ఊరు హఫర్ అల్ బాతిన్ నుంచి లారీలో సరుకు వేసుకుని కువైట్ వెళ్లాడు. ఆ వారమే ఇరాక్ సైన్యం అక్కడ దిగింది. యుద్ధం ముగిసి ఇన్నాళ్లయినా మనిషి రాలేదు, శవమూ దొరకలేదు.

రాసిస్తే దొరుకుతాడేమో. ఏ ఇసుక కిందో...

పోయిన శుక్రవారం ఫోన్ చేస్తే వదిన అంది: "మట్టెలు అరిగిపోయినయ్ మరిదీ, కొత్తయి చేయించుకున్న. మీ అన్న జాడ ఏమన్న తెల్సిందా?"

"ఇంకా లేదు వదినా."

ప్రతివారం నేను చెప్పేది ఇదే. విన్న వెంటనే ఆమె గొంతు తేలికపడుతుంది. ఎందుకో ఇవాళ అర్థమైంది.

రేపు మళ్లీ శుక్రవారం. నోరా కాగితం ఖాళీగానే ఉంది. ఇందాక పడుకోబోతూ గది తలుపు గడియ మీద చెయ్యి వేశాను. పెట్టబుద్ధి కాలేదు.