కాపలా కమిటీ మెంబరుగారికి

అన్నం మూతపెట్టి ఉంది, కూర వేడి చేసుకోండి. పాపని పక్కింటి అత్తయ్యగారి దగ్గర వదిలాను, తీసుకొచ్చి పాలు పట్టండి. నేను పోలీస్ స్టేషనుకి వెళ్తున్నాను.

మీ వీధి కాపలా కమిటీ ఇవాళ దొంగని పట్టుకుంది. ఆ దొంగ మా నాన్న. ఇప్పుడే స్టేషను వాళ్లు ఫోన్ చేశారు. మీరు ఆర్నెల్లుగా రేపు రేపు అంటున్న అలమార తలుపు బిగిద్దామని నాన్న వచ్చారు. మీరు మన గేటుకి రంగు మార్చారు కదా, ఇల్లు పోల్చుకోలేక నాలుగిళ్లలోకి తొంగిచూశారట. సంచిలో ఉలి, సుత్తి కనబడ్డాయట. వడ్రంగి సంచిలో ఇంకేముంటాయి? ఎదురింటి మాస్టారు ఫోటో తీసి మీ కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, పోలీసులకి అప్పగిద్దామా అని అడిగారట. మెంబర్లంతా సరేనన్నారు.

కాపలా కాయండి, నేనొద్దనను. ముందు మనిషి మొహం చూడటం నేర్చుకోండి. మీ కమిటీ టోపీ గుమ్మం ముందు పడేశాను, కాళ్లు తుడుచుకుని లోపలికి రండి.

మరిచాను. "మా అల్లుడు కమిటీలోనే ఉన్నాడు, అడగండి" అని నాన్న ధీమాగా మీ పేరు చెప్పారట. అల్లుడైతే ఇలా చేస్తాడా అని మాస్టారు ఫోన్ తీసి, ఆ ఫోటో కింద మీరు పెట్టిన బొటనవేలి బొమ్మ చూపించారట.