పంటు మీద పసుపు చీర

జూలై 7, సోమవారం

డాక్టర్ అనంతరామన్ గారు రాయమన్నారు. వచ్చిన ప్రతిసారీ తేదీ, టైము, ఎంతసేపు, ఏం కనిపించింది, తర్వాత ఎలా ఉంది. ఆయనకి చూపించడానికి గళ్ళు గీసిన చార్టు వేరే ఉంది. అందులో ఇంగ్లీషులో రాస్తాను. ఈ నోట్‌బుక్ తెలుగులో, నా కోసం. ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకూ మా ఆయన మణికంఠకీ. అతను వాట్సాప్ తప్ప ఏదీ చదవడు కాబట్టి భయం లేదు.

జబ్బు పేరు ఎపిలెప్సీ. కింద పడి కొట్టుకునే రకం కాదు, టెంపోరల్ లోబ్‌లో వచ్చే చిన్న రకం. కుడి చెవి లోపలికి, బాగా లోతుగా ఒక మచ్చ ఉందట. పసితనంలో జ్వరంతో ఫిట్స్ వచ్చాయా అని అడిగారు. వచ్చాయని మేనత్త చెబుతూ ఉండేది. ఎమ్మారై ఫిల్మ్ మీద వేలు పెట్టి చూపించారు. పద్నాలుగేళ్లుగా ఈ తమిళ ఊరి సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తున్నాను, ఎంత చూసినా నాకు మచ్చ దొరకలేదు. కనిపించినట్టు తలూపి వచ్చేశాను.

మాత్రలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆయన చెప్పేదాకా స్కూటీ ముట్టుకోకూడదు.

జూలై 9, మధ్యాహ్నం 3.40

వచ్చింది. ఆఫీసులో, స్కేలు చేతిలో ఉండగా.

ముందు డీజిల్ వాసన. తర్వాత అరికాళ్ల కింద ఇంజను దడదడ. తర్వాత వెలుతురు. మా ఊరు యానాంలో గోదావరి దాటించే పంటు. వంతెన కట్టకముందు మనుషుల్నీ బస్సుల్నీ దాని మీదే అవతలి ఒడ్డుకి చేర్చేవారు. తడిసిన చెక్కల మీద ఎండ. రెయిలింగ్ సరిగ్గా నా గడ్డం కింద, వెచ్చగా. ఎదురుగా పసుపు చీరలో ఒకావిడ నీళ్లకేసి చూస్తూ నిలబడి ఉంటుంది. నాకు వీపే కనిపిస్తుంది. జడలో చామంతులు. ఆవిడ మా అమ్మ. ఎవరూ చెప్పక్కర్లేదు. నా పేరు నాకు తెలిసినట్టే తెలుసు. ఇప్పుడు తిరుగుతుంది, తిరుగుతుంది అనుకుంటాను. అంతలో అయిపోతుంది.

పక్క సీటు చంద్రన్ టీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు. నిమిషం నుంచి స్కేలుని బొటనవేలితో రుద్దుతూనే ఉన్నానట, పిలిస్తే పలకలేదట.

తర్వాత ఎలా ఉంది అన్న గడిలో టయర్డ్ అని రాశాను. అబద్ధం. సంతోషంగా ఉంది. ఏడుపు వచ్చేంత సంతోషం.

జూలై 10

మా అమ్మ పోయినప్పుడు నాకు ఏడాది పది నెలలు. కామెర్లు. నన్ను పెంచింది మేనత్త భ్రమరాంబ. ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటే ఉండేది, స్టూడియోలో మెడ బిగబట్టి దిగింది, నలుపూ తెలుపూ. మా నాన్న బుల్లిరాజు ఆ పంటు నడిపే సరంగు. ఇంజను గురించి అడిగితే గంట చెబుతాడు. అమ్మ గురించి అడిగితే, అన్నం తిన్నావా అంటాడు.

ఈ జబ్బు వచ్చేదాకా మా అమ్మ కదలడం నేను చూడలేదు.

జూలై 21

పన్నెండు రోజులుగా రాలేదు. మాత్రలు పనిచేస్తున్నాయని మణికంఠ స్వీట్లు తెచ్చాడు. నేనూ ఒకటి తిన్నాను.

జూలై 29

సాయంత్రం మాత్ర సింకులో వేసి నీళ్లు వదిలాను. రాస్తే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. వారం నుంచి ఇదే పని.

ఆగస్టు 1, ఉదయం 11.15

వచ్చింది! ఇంకాస్త తిరిగింది. చెవిదిద్దు కనిపించింది. ఎర్ర రాయి.

ఆగస్టు 10, ఆదివారం

మణికంఠనీ పాపనీ వెంటబెట్టుకుని అరియాంకుప్పం అవతల బోట్‌హౌస్‌కి వెళ్లాను. పాప కీర్తికి ఆరేళ్లు, బోటంటే ప్రాణం. నాకు కావలసింది వేరే. ఇంజను పక్కన సీటు అడిగి తీసుకున్నాను. డీజిల్ పొగ మొహానికి కొడుతుంటే కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాను. అమ్మ రాలేదు. వట్టి డీజిల్ వాసన, ఆ తర్వాత తలనొప్పి. ఏటి గాలికి ఎవరైనా ఇలా మొహం పెడతారా అని మణికంఠ ఆటపట్టించాడు. నాకు ఒళ్లు మండింది.

చిన్నప్పుడు నాన్న చొక్కాకి ఈ వాసనే ఉండేది. అది మాత్రం గుర్తొచ్చింది. సాయంత్రం నాన్న రాగానే అత్త వేణ్నీళ్లు తోడేది, చొక్కా దండెం మీద విడిగా వేసేది. నేను దాని కింద కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దుకునేదాన్ని.

ఆగస్టు 13

డాక్టర్ గారికి చార్టు చూపించాను. జూలై 9 తర్వాత అంతా నిల్ అని రాసి ఉంచాను. బాగుంది అన్నారు. వెళ్లబోతూ అడిగాను, డీజిల్ లేనిచోట డీజిల్ వాసన ఎలా వస్తుందండీ అని. ఆయన నవ్వి, ఉన్నచోట మాత్రం ఎలా వస్తుందనుకుంటున్నావమ్మా అన్నారు. బయట ఉన్నది డీజిల్ మాత్రమేనట. వాసన తయారయ్యేది తలలోనేనట. ముక్కు నుంచి కబురు వచ్చినా, మచ్చ దగ్గరి కణాలన్నీ ఒక్కసారి చెలరేగినా, లోపల జరిగే పని దాదాపు ఒకటే. పసుపు రంగూ అంతే, రెయిలింగ్ వెచ్చదనమూ అంతే. మరి ఆ కరెంటు వాసనగా ఎలా మారుతుంది అన్నాను. అది ఇంకా ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు అన్నారు. పెద్ద డాక్టరు తెలీదనడం ఎప్పుడూ వినలేదు. ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇంకో మాట కూడా చెప్పారు. ఇది నాది, ఇది నాకు తెలుసు అనిపిస్తుందే, ఆ అనిపించడం వేరట, జ్ఞాపకం వేరట. మొదటిది ఒక్కటే వెలిగితే ఎన్నడూ చూడని మనిషి కూడా సొంత మనిషే అనిపిస్తుందట. కనిపించినవన్నీ జరిగినవే అనుకోకు అన్నారు.

ఆయనకి మా అమ్మ సంగతి తెలియదు కదా, అందుకని అలా అన్నారు అనుకున్నాను.

ఆగస్టు 24, ఆదివారం

ట్రేసింగ్ షీటు తెచ్చి పంటు ప్లాన్ గీయడం మొదలుపెట్టాను. అమ్మ ఎక్కడ నిలబడింది, నేనెక్కడ, ఎండ ఎటునుంచి, ఒక్కటీ పోకుండా. ఎప్పుడైనా రావడం ఆగిపోతే కాగితమైనా ఉంటుంది.

కొలతల కోసం నాన్నకి ఫోన్ చేశాను. పొంగిపోయాడు. రెయిలింగ్ ఎత్తెంత నాన్నా అంటే, మూడడుగులమ్మా, దగ్గరుండి నేనే వెల్డింగ్ చేయించేను, అంగుళం తేడా ఉంటే పీకించేసేవోణ్ణి అన్నాడు. ఎందుకమ్మా ఇప్పుడు అని మాత్రం అడగలేదు. అరగంట సేపు ఇంజను గురించి చెప్పాడు. నా చిన్నప్పటి సెలవులన్నీ ఆ గొంతులో ఉన్నాయి.

ఆగస్టు 25

రెయిలింగ్ మూడడుగులు. అది నా గడ్డం కింద ఉంది. కీర్తిని గోడకి నిలబెట్టి టేపుతో కొలిచాను. నేల నుంచి గడ్డం దాకా మూడడుగుల అర అంగుళం. కీర్తికి ఆరేళ్లు.

అంటే పంటు మీద నాకు ఆరేళ్లు ఉండాలి. తక్కువలో తక్కువ ఐదు. అప్పటికి అమ్మ పోయి మూడేళ్లు దాటింది.

మూడుసార్లు లెక్క చూసుకున్నాను. ఇరవై ఏళ్ల కిందటి ఫీల్డ్ స్కెచ్చుల్లో తప్పులు పట్టేదాన్ని, ఇందులో ఒక్క తప్పూ పట్టలేకపోయాను. ఆ వీపు అత్తదా? అత్త చెవికి ఎర్ర రాయి ఎప్పుడూ పెట్టలేదు. పంటు నిజమే, ఎండ నిజమే. ఆవిడ మాత్రం ఎవరూ కాదు.

ఆగస్టు 26

ఎవరూ కాదని తెలిసింది. అయినా సాయంత్రం మాత్ర వేసుకోలేదు.

సెప్టెంబర్ 3

పొద్దున 8.20. మణికంఠ మొదటి షిఫ్టుకి సేదరపేట్ ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. స్కూలు ఆటో రాలేదు. నాలుగు వీధులే కదా అని స్కూటీ తీశాను. పాప వెనకాల కూర్చుంది.

స్కూలు మలుపు దగ్గర వచ్చింది.

తెలివి వచ్చేసరికి స్కూటీ కాలవగట్టు మీద పడి ఉంది. నేను పక్కన నిలబడి చీర కొంగు నలుపుతున్నాను. పూలమ్మే ముత్తు పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని మొహానికి తువ్వాలు అదిమిపట్టాడు. తువ్వాలంతా రక్తం. కుడి కనుబొమ్మ మీద నాలుగు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ, కంటికి కొంచెం పైన తగిలింది కాబట్టి సరిపోయింది అంది.

మా ఇంటి ఓనరు అమ్మాయమ్మ పరిగెత్తుకుని ఆసుపత్రికి వచ్చింది. వాళ్లు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. అందరూ చూస్తుండగానే తిట్టింది. ఏంది తల్లీ, బిడ్డని ఎనకాల కూసోబెట్టుకోని యాడ జూస్తా ఉండావు, కండ్లు తెరుసుకోనే ఉంటివంట గదా అని. తిట్టి, పాపని తన ఒళ్లోకి లాక్కుంది.

ముత్తు చెప్పాడు. పాప కింద పడి అమ్మా అని మూడుసార్లు పిలిచిందట. నేను తల తిప్పలేదట.

అప్పుడు నేను ఆవిడ తిరుగుతుందేమోనని చూస్తున్నాను.

సెప్టెంబర్ 4

మణికంఠకి అంతా చెప్పేశాను. సింకు, చార్టు, పసుపు చీర, ప్లాను, అన్నీ. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. నాకో మాట చెప్తే సెలవెట్టి నేను దింపేవోణ్ణి కదా దేవీ అన్నాడు. తర్వాత, ఆవిడ మొహం కనపడిందా అని అడిగాడు. లేదన్నాను. అప్పుడు ఇద్దరం ఏడ్చాం.

స్కూటీ తాళం అమ్మాయమ్మ దగ్గర ఉంది. మాత్ర మణికంఠ ఎదురుగా వేసుకున్నాను.

సెప్టెంబర్ 6

డాక్టర్ గారికి నిజం చెప్పాను. ఆయన కోప్పడలేదు. నీలా దాచుకునేవాళ్లు ఇంకా ఉన్నారమ్మా అన్నారు. మాత్ర డోసు పెంచారు.

సెప్టెంబర్ 19

నిల్. ఈసారి నిజంగానే నిల్.

అక్టోబర్ 2

నిల్.

అక్టోబర్ 18

నిల్. వాన. ఆఫీసులో కిటికీ తలుపులు వేసుకుని కూర్చున్నాం.

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఇది వేరు. అప్పుడు అదే వచ్చేది, నేను ఊరికే నిలబడితే చాలు. ఇప్పుడు ఒక్కొక్కటీ నేనే తెచ్చి పెట్టుకోవాలి. చెక్కలు పెట్టుకున్నాను, ఎండ పెట్టుకున్నాను. డీజిల్ అన్న మాట గుర్తొస్తోంది, వాసన రావడం లేదు. దిద్దు కుడి చెవిదా ఎడమ చెవిదా అన్నది ఇవాళ తేల్చుకోలేకపోయాను.

అమ్మ కాదని తెలిసీ ఆవిడ మీద బెంగగా ఉంది. ఇలాంటి బెంగకి ఎవరైనా ఓదార్పు చెబుతారా? నాకు అమ్మ రెండోసారి పోయినట్టుంది, మొదటిసారి పోయినప్పుడు నాకు తెలియలేదు.

నవంబర్ 9, ఆదివారం

కుట్ల మచ్చ తెల్లబడింది. పాప అద్దంలో చూసుకుని, నాకొక్కదానికే ఉంది, నీకు లేదు అని పక్కింటి పిల్ల దగ్గర గొప్పలు పోతోంది. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అమ్మా అని పిలిచిందో ఊరికే లెక్కపెట్టాను. మధ్యాహ్నానికి నలభై ఒకటి. ప్రతిసారీ పలికాను.

అప్పుడు అనిపించింది. ఏడాది పది నెలలంటే మాటలు వచ్చే ఉంటాయి. నేను మా అమ్మని ఏమని పిలిచేదాన్ని?

నాన్నకి ఫోన్ చేసి అడిగాను. కూరేం వండేవమ్మా అన్నాడు. పెట్టేశాడు.

నవంబర్ 11

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే నాన్నే ఫోన్ చేశాడు. తనంతట తను చేయడం ఎప్పుడూ లేదు. ఏదైనా అయిందేమోనని రోడ్డు పక్కన ఆగిపోయాను. ఇంజను గురించి ఒక్క మాట లేదు.

నువ్వు అమ్మా అనేదానివి కాదే అన్నాడు. నేనెలా పిలిచేవోణ్ణో అలాగే పిలిచేదానివి. వేణీ అని. మా అమ్మ పేరు వీరవేణి. అచ్చం నా గొంతులాగే సాగదీసేదానివి అన్నాడు, వీధిలో వోళ్లందరూ నవ్వేవోరు, అత్త తిట్టేది తల్లిని పేరెట్టి పిలుత్తావా అని. మీ అమ్మేమో ఎంత పనిలో ఉన్నా, నువ్వు పిలిచినా నేను పిలిచినా ఒకేలాగ, ఆయ్ వచ్చేత్తన్నానండీ అనేది. ఏడాది పిల్లకి అండీ ఏటే అంటే, పిలిచింది మీలాగే కదండీ అనేది.

పక్కనుంచి విల్లియనూరు బస్సులు పోతున్నాయి. ఇద్దరం ఫోన్ పట్టుకునే ఉన్నాం.

నవంబర్ 12, మధ్యాహ్నం

నిల్.

లంచ్‌కి అందరూ వెళ్లాక, ఎవరూ లేరనుకుని, పైకే పిలిచాను. వేణీ.

చంద్రన్ తలుపు దగ్గరికి వచ్చి, ఎవర్ని మేడమ్ అన్నాడు.

మా అమ్మని అన్నాను.